ఫ్లాటు అరవై లక్షలే... మరి ఈ ఆరున్నర లక్షలేంటి?

కోడంబాక్కంలో ఇల్లు కొంటున్న తెలుగువారు లెక్కలో వేసుకోని ఖర్చులివి

కోడంబాక్కం: ఆయనది గూడూరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ వయసులో చెన్నై వచ్చి ఎడిటింగ్ రూములో సహాయకుడిగా చేరారు. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వెళ్ళిపోయినా ఆయన మాత్రం కోడంబాక్కం వదల్లేదు. నలభై ఏళ్ళూ అద్దె ఇళ్ళే. పవర్‌హౌస్ దగ్గర కొన్నాళ్ళు, ట్రస్ట్‌పురంలో కొన్నాళ్ళు, రంగరాజపురంలో కొన్నాళ్ళు. ఈమధ్యే ఊళ్ళో ఉన్న కాస్త పొలం అమ్మితే 30 లక్షలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకుతో కలిసి బ్యాంకులో 32 లక్షలు అప్పుకు పెట్టారు. రెండో అంతస్తులో, లిఫ్టు లేని ముప్పై ఏళ్ళ పాత ఫ్లాటు. బేరం 60 లక్షలకు తెగింది. 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో ఒప్పందం రాసుకున్నారు. పైనున్న రెండు లక్షలూ రిజిస్ట్రేషన్‌కు సరిపోతాయనుకున్నారు.

సరిపోలేదు. గడువు ఇంకా మూడు వారాలుందనగా, పత్రం రాసే ఆయన ఇచ్చిన కాగితం పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. అంతా తమిళం. నలభై ఏళ్ళు ఇక్కడున్నా ఆయనకు తమిళం మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. ‘ముత్తిరై తీర్వై, పదివు కట్టణం’ అంటూ నేను పైకి చదువుతుంటే ఆయన మొహం పాలిపోయింది. గడువు దాటితే అడ్వాన్సు తిరిగిరాదని ఒప్పందంలో ఉంది మరి. ‘‘షూటింగు ఖర్చొక్కటే లెక్కేసుకున్నా అబ్బయా, ప్రింట్ల ఖర్చు మర్చేపోయినా’’ అన్నారు.

ఆయనొక్కరి సంగతి కాదిది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పిల్లల చదువుకో, వైద్యానికో వచ్చి ఇక్కడే స్థిరపడుతున్నవాళ్ళు, అమెరికా నుంచి డబ్బు పంపి ఇక్కడ అమ్మానాన్నల పేరిట కొంటున్నవాళ్ళు అందరూ ఇల్లు ధర దగ్గరే ఆగిపోతున్నారు. బాబాయి (అలాగే పిలుస్తాను ఆయన్ని) అనుమతితో ఆయన లెక్కనే ఇక్కడ విప్పి చెబుతున్నాం.

అసలు దెబ్బ 9 శాతం

తమిళనాడులో పాత ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. కలిపి 9. అరవై లక్షల మీద స్టాంపు డ్యూటీ 4 లక్షల 20 వేలు, రిజిస్ట్రేషన్ లక్షా 20 వేలు. వెరసి 5 లక్షల 40 వేలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ అన్నీ కలిపి ఏడున్నర శాతమే. అంటే ఇదే ధరకు ఆంధ్రలో కొని ఉంటే నాలుగున్నర లక్షలతో పోయేది. సరిహద్దు దాటినందుకు 90 వేలు తేడా. మనవాళ్ళు చాలామంది ఊళ్ళో పొలం రిజిస్ట్రేషన్ అనుభవంతో ఇక్కడికొచ్చి బోల్తా పడేది ఇక్కడే.

ఈ 9 కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. 2017 జూన్ దాకా 7 ప్లస్ 1, మొత్తం 8 శాతం. అప్పుడు ప్రభుత్వం గైడ్‌లైన్ విలువలను 33 శాతం తగ్గించి, రిజిస్ట్రేషన్ రుసుమును మాత్రం 1 నుంచి 4 శాతానికి పెంచింది. మొత్తం 11 అయింది. 2023 ఏప్రిల్‌లో మళ్ళీ విలువలను పెంచి, రుసుమును 2 శాతానికి దించారు. ఆ పెంపు కోర్టుకెక్కింది. పద్ధతి ప్రకారం చేయలేదని మద్రాసు హైకోర్టు అనడంతో, 2024 జులై 1 నుంచి సవరించిన విలువలు వచ్చాయి. కాబట్టి ‘మా బావమరిది ఫలానా ఏడు కొన్నప్పుడు ఇంతే అయింది’ అన్న మాట పట్టుకుని బయల్దేరితే కష్టం.

గైడ్‌లైన్ విలువ అంటే మన ఆంధ్రలో చెప్పే మార్కెట్ విలువే. తమిళంలో ‘వళిగాట్టి మదిప్పు’. వీధివారీగా ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ టీఎన్‌రెజినెట్‌లో వీధి పేరు కొడితే ఎవరికైనా కనిపిస్తుంది. మీరిచ్చే ధర, ఈ విలువ... రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీదే డ్యూటీ.

‘‘గైడ్‌లైన్‌కే రాయించుకో, మిగతాది చేతికిచ్చెయ్’’ అని బాబాయికీ సలహా ఇచ్చారట. ఆయన రెండు లక్షల అంచనాకు మూలం అదే. ఇందులో మూడు చిక్కులున్నాయి. పత్రంలో తక్కువ చూపిస్తే బ్యాంకు అప్పు కూడా ఆ మేరకే వస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా వేసేలా 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం ఉంది. ఇక మూడోది, రేపు మీరు అమ్మేటప్పుడు పత్రంలో ఉన్న తక్కువ ధరే మీ కొనుగోలు ధర అవుతుంది. మిగతాదంతా లాభం కింద లెక్కేసి పన్ను కట్టించుకుంటారు. అవతలివాడు మిగుల్చుకునే పన్నుకు మీరు జామీను ఉన్నట్టన్నమాట.

మహిళల పేరిట రిజిస్టర్ చేస్తే 1 శాతం తగ్గింపు ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న మాట నిజమే. కానీ అది 10 లక్షల లోపు ఆస్తులకే. కోడంబాక్కంలో ఆ డబ్బుకు వంటగది కూడా రాదు.

కొత్త ఫ్లాటు లెక్క వేరు

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. బిల్డరు దగ్గర తొలిసారి కొనే ఫ్లాటుకు 2023 డిసెంబరు 1 నుంచి పద్ధతి మారింది. అంతకుముందు స్థలంలో విడదీయని వాటాకు (యూడీఎస్ అంటారు) ఒక పత్రం, కట్టడానికి వేరే ఒప్పందం రాసేవారు. ఇప్పుడు రెండూ కలిపి ఒకే విలువ. 50 లక్షల వరకు స్టాంపు డ్యూటీ 4 శాతం, 3 కోట్ల వరకు 5 శాతం, అంతకు మించితే 7 శాతం. రిజిస్ట్రేషన్ 2 శాతం మామూలే.

యాభై లక్షల గీత దగ్గర జాగ్రత్త. 50 లక్షల ఫ్లాటుకు 6 శాతం లెక్కన 3 లక్షలు. 51 లక్షలైతే 7 శాతం, అంటే 3 లక్షల 57 వేలు. ధరలో లక్ష పెరిగితే రుసుములో 57 వేలు పెరిగిందన్నమాట. బేరం ఆ చుట్టుపక్కల నడుస్తుంటే ఇంకాస్త గీచి బేరమాడడంలో తప్పులేదు.

బాబాయి అదే అరవై లక్షలకు కొత్త ఫ్లాటు కొని ఉంటే? రిజిస్ట్రేషన్ ఖర్చు 7 శాతం, 4 లక్షల 20 వేలు. కట్టడం పూర్తయి, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. పునాదుల దశలోనో, స్లాబుల దశలోనో కొంటే మాత్రం 5 శాతం జీఎస్టీ, ఇంకో 3 లక్షలు. చెన్నైలాంటి మహానగరాల్లో 45 లక్షల్లోపు ధర, 60 చదరపు మీటర్లలోపు కార్పెట్ ఏరియా ఉంటేనే 1 శాతం. 2019 ఏప్రిల్ నుంచి ఇవే రేట్లు. పాత ఫ్లాటుకు జీఎస్టీ ఊసే లేదు. కాబట్టి రుసుముల వరకే చూస్తే పూర్తయిన కొత్త ఫ్లాటు చవక, కడుతున్న ఫ్లాటు ఖరీదు, పాతది మధ్యరకం. అయితే పూర్తయిన కొత్తది ఇక్కడ ఆ ధరకు దొరకాలిగా! చదరపు అడుగు రేటులోనే బిల్డరు ఆ తేడా లాగేస్తాడు.

పార్కింగ్ పేరుతో విడిగా రెండు మూడు లక్షలు అడగడం ఇక్కడ మామూలే. ఖాళీ స్థలంలోని పార్కింగ్‌ను, స్టిల్ట్ పార్కింగ్‌ను బిల్డరు విడిగా అమ్మడానికి వీల్లేదని 2010లో ఓ ముంబై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగినవాళ్ళను ఆ తీర్పు సంగతి అడగండి. కార్పస్ ఫండు, ఏడాది మెయింటెనెన్సు, కరెంటు, డ్రైనేజీ కనెక్షన్ల ఖర్చులు... ఇవన్నీ చివర్లో తాళాలిచ్చేటప్పుడు బయటపడతాయి. ఒప్పందంలోనే అంకెలు రాయించుకోవడం మేలు.

రెరా ఉంది కదా అన్న ధీమా కోడంబాక్కం సందుల్లో అన్నిచోట్లా పనిచేయదు. 500 చదరపు మీటర్ల స్థలానికో, 8 ఫ్లాట్లకో మించని కట్టడాలకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చట్టమే చెబుతోంది. గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. రెండు గ్రౌండ్ల స్థలం కూడా 500 మీటర్లకు లోపే. ఇక్కడ పాత ఇళ్ళు పడగొట్టి కట్టేవి చాలావరకు ఇలాంటివే. రెరా పరిధిలో ఉన్న ప్రాజెక్టయితే, ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మిగతాచోట్ల మన జాగ్రత్తే మనకు.

రసీదు వచ్చేవి, రానివి

మళ్ళీ బాబాయి కాగితం దగ్గరికొద్దాం. తరగర్, అంటే బ్రోకరు, 2 శాతం అడిగాడు. బతిమాలితే 1 శాతానికి దిగాడు. 60 వేలు. ఇక్కడ 1, 2 శాతాల మధ్య నడుస్తుంది, చట్టం కాదు, ఆనవాయితీ. ఇల్లు చూపించకముందే ఎంతో మాట్లాడుకోవాలి. రిజిస్ట్రేషన్ రోజు దాకా వదిలేస్తే, అప్పటికి ఇల్లు మీకు నచ్చేసి ఉంటుంది, బేరం ఆడలేరు.

బ్యాంకు ఖర్చులు చిన్నవిగా కనిపిస్తాయి, కలిస్తే బరువే. 32 లక్షల అప్పు మీద ప్రాసెసింగ్ అరశాతం, 16 వేలు. దానిమీద 18 శాతం జీఎస్టీ, 2,880. పత్రాలు బ్యాంకులో తాకట్టు పెడుతున్నట్టు రాసే కాగితానికి అప్పులో అరశాతం స్టాంపు డ్యూటీ, ఇంకో 16 వేలు. దాని రిజిస్ట్రేషన్ విడి. లాయరు అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం, పత్రం రాసినందుకు కలిపి ఆయనకు 15 వేలయ్యాయి. స్టాంపు డ్యూటీ నుంచి ఇంతవరకు కూడితే 6 లక్షల 50 వేలకు నూట ఇరవై తక్కువ. చేతిలో ఉన్నది రెండు లక్షలు.

బ్యాంకు లాయరు పత్రాలు చూశాడు కాబట్టి మనకు భయం లేదనుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు భద్రత. ఫీజు మాత్రం మీదే. కాబట్టి ఆ అభిప్రాయం కాపీ అడిగి తీసుకోండి. అప్పుతో పాటు బీమా పాలసీ అంటగడితే అది తప్పనిసరా అని అడగండి. 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రుసుములన్నీ కలిపి అసలు వడ్డీ ఎంత పడుతుందో ఒకే కాగితం మీద చూపించాలి. సంతకానికి ముందు ఆ కాగితం చూడండి. మారే వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా లేదు. అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వకపోతే బ్యాంకే మీకు రోజుకు 5 వేలు ఇవ్వాలి. ఇది 2023 డిసెంబరు నుంచి ఉంది.

ధర 50 లక్షలు, అంతకు పైబడితే 1 శాతం టీడీఎస్ అన్న మాట విని బాబాయి ఇంకో 60 వేలు పోయాయనుకున్నారు. పోలేదు. అది అమ్మేవారి డబ్బే. వారికిచ్చే 60 లక్షల్లో 60 వేలు పట్టుకుని, వారి పాన్ మీద మనం ప్రభుత్వానికి కట్టాలి. 2013 జూన్ నుంచి ఉన్న నిబంధనే. మరిచిపోతే మాత్రం నిజంగానే పోతాయి. ఆలస్యానికి వడ్డీ, పైగా రోజుకు 200 లెక్కన రుసుము. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఈ 1 శాతం వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. ఆడిటరును అడగకుండా అలాంటి బేరంలో అడుగు వేయొద్దు.

విదేశాల నుంచి కొనేవారికీ అమ్మేవారికీ ఇంకో ముక్క. ఇక్కడి స్నేహితుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోతుందనుకుంటారు. 2023 జులై నుంచి కుటుంబ సభ్యులు కానివారికి జనరల్ పవర్ ఇస్తే ఆస్తి విలువలో 1 శాతం రుసుము. అంతకుముందు 10 వేలతో పోయేది. అక్కడ సంతకం చేసిన పవర్ పత్రం మన దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి.

ఇవి కాక, ‘ఆఫీసు ఖర్చులు’ అని ఒక వరస బాబాయి కాగితంలో చివర ఉంది. దేనికని అడిగితే ‘అలవాటు సార్’ అన్నారు. ప్రభుత్వ రుసుములన్నిటికీ రసీదు ఉంటుంది. రసీదు లేనిది రుసుము కాదు. ఆ వరస కొట్టేసి ఇచ్చాం. పని ఏమీ ఆగలేదు.

విల్లంగం, తాయ్ పత్రం, యూడీఎస్

ఈసీని ఇక్కడ విల్లంగం సర్టిఫికెట్ అంటారు. ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి పైసా అక్కర్లేదు. అయినా ‘ఈసీ తీయించిపెడతా’నని వేలు గుంజే మధ్యవర్తులున్నారు. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఆస్తి పన్ను బాకీలు, అసోసియేషన్ బాకీలు అందులో ఉండవు. పాత యజమాని మెయింటెనెన్సు బాకీ మీ నెత్తినే పడొచ్చు. బకాయి లేదన్న ఉత్తరం తాళాలకు ముందే తీసుకోవాలి. ఒప్పంద పత్రాన్ని కూడా రిజిస్టర్ చేయించాల్సిన వాటిలో 2012లోనే చేర్చింది తమిళనాడు. బాబాయిది తెల్లకాగితం బాపతు. స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టుకుంటే చాలనుకున్నారు.

తాయ్ పత్రం అంటే మూలపత్రం. దాంట్లో స్థలం మొత్తం ఎంత, మీకు వచ్చే వాటా ఎంత అన్నది చూసుకోవాలి. కోడంబాక్కంలో పాత ఫ్లాటు విలువంతా ఆ వాటాలోనే ఉంది. విజయా-వాహినీ స్టూడియో ఫ్లోర్లున్న చోట ఇవాళ ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. పాత అపార్టుమెంట్లూ అదే దారిలో ఉన్నాయి. 2022 నాటి అపార్టుమెంట్ యాజమాన్య చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కూలగొట్టి కట్టుకోవచ్చు. ఆ రోజు మీ వంతు తేలేది యూడీఎస్‌ను బట్టే, గోడకు వేసిన రంగును బట్టి కాదు. 640 అడుగుల ఫ్లాటుకు 330 అడుగుల యూడీఎస్ ఉందని తేలాకే బాబాయి కాస్త కుదుటపడ్డారు.

అద్దె కోసం కొనేవారికి

బాబాయి ఉండడానికి కొంటున్నారు కాబట్టి ఆయనకీ లెక్క అక్కర్లేదు. ‘బ్యాంకులో వేసే బదులు కోడంబాక్కంలో ఓ ఫ్లాటు పడేద్దాం, మెట్రో కూడా వస్తోంది’ అనుకునేవారికి కావాలి. ఇలాంటి ఫ్లాటుకు నెలకు 18 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2 లక్షల 16 వేలు. అరవై లక్షల మీద చూస్తే 3.6 శాతం. కానీ మీరు పెట్టింది అరవై కాదు, అరవై ఆరున్నర. అప్పుడు 3.25 శాతం. మెయింటెనెన్సు, ఆరు నెలలకోసారి కార్పొరేషన్ ఆస్తి పన్ను, విడిగా మెట్రో వాటర్ పన్ను కలిపి 30 వేలు తీసేస్తే 2.8కి దిగుతుంది. ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఇంకా తగ్గుతుంది. చెన్నైలో పది నెలల అడ్వాన్సు అన్నదీ పాతమాటే. 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం మూడు నెలల అద్దెనే హద్దుగా పెట్టింది.

అమ్మేటప్పుడు మళ్ళీ బ్రోకరు, మళ్ళీ పన్ను. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్నవారైతే ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం పద్ధతి కూడా ఎంచుకోవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ కొనుగోలు ఖర్చులో కలుస్తాయి, రసీదులుంటేనే. అందుకే బ్రోకరు దగ్గర కూడా రసీదు అడగమనేది. ఏడాది తిరక్కుండా అమ్మేద్దామనే ఆలోచన ఉంటే, ధర పదిశాతం పైగా పెరిగితే తప్ప పెట్టింది చేతికి రాదని గుర్తుంచుకోండి.

ఇంతకీ బాబాయి సంగతి. నాలుగున్నర లక్షలు తక్కువ పడ్డాయి కదా. పిన్ని గాజులు, గొలుసు బ్యాంకులో కుదువ పెట్టారు. మిగతాది అల్లుడు సర్దాడు. గడువుకు ఆరు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. పత్రం ఇంగ్లిషులో రాయించుకున్నారు, కొడుకు చదువుకోవడానికి వీలుగా. కరెంటు కనెక్షను పేరు మారింది. ఆస్తి పన్ను ఖాతాలో పేరు మార్చమని కార్పొరేషన్‌కు అర్జీ పెట్టి ఉన్నారు. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే, కొత్త అర్ధ సంవత్సరం బిల్లు ఇంకా పాత యజమాని పేరు మీదే వచ్చింది. ఈసారికి అదే కట్టి, రసీదు ఫైల్లో పెట్టారు.